ఇరవై ఆరు ఆనవాళ్ళు

రోజు 1

ఈ పలక మీద రోజూ ఏదో ఒకటి రాయాలట. రాసింది రాసినట్టే పెద్దగట్టు ధారణ కేంద్రంలో గోడ తెర మీదికి ఎక్కుతుంది. అక్కడ ఒకమ్మాయి కూర్చుని దాన్ని కాగితం మీదికి దించుకుంటుంది. యంత్రాల్లో దాచినవన్నీ ఇప్పుడు నెల తిరక్కుండా చెరిగిపోతున్నాయి కాబట్టి, మందుల మోతాదుల దగ్గర్నుంచి విత్తనాల లెక్కల దాకా అన్నీ మనుషుల బుర్రల్లోనే దాచాలని వీళ్ళ పట్టుదల. బుర్రలో ఎంత పడుతుందో, ఎలా పెడితే నిలుస్తుందో తేల్చడానికి మాలాంటివాళ్ళు కావాలి.

నా పేరు సంగాని వీరమణి. మొగలిలంక సరంగుని, అంటే లాంచీ చుక్కాని పట్టే మనిషిని. శాస్త్రం మీద భక్తితో నేను పేరు ఇవ్వలేదు. మా ఆయన బుల్లియ్యకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పెద్దగట్టు ఆసుపత్రిలో రక్తం కడిగించుకోవాలి. ఉన్నవి నాలుగే కుర్చీలు. ధారణ పరీక్షకి కూర్చునేవాళ్ళ ఇంటి మనిషికి అందులో చోటిస్తారు. పరీక్షలో నూటికి తొంభై రావాలి. రెండుసార్లు తగ్గితే కుర్చీ వెనకవాళ్ళకి పోతుంది. నేను వచ్చింది ఆ కుర్చీ కోసం. ఇది చదివి ఎవరైనా మొహం ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి.

నన్ను చూసే డాక్టరు పేరు షహనాజ్. వయసు నా వయసులో సగం, జడ నా జడకి రెట్టింపు.

"మీకు బాగా తెలిసిన చోటు ఒకటి ఎంచుకోండి మణిగారూ. మనసులో ఆ చోట నడుస్తూ ఒక్కో మూల ఒక్కో వస్తువు పెట్టండి. మళ్ళీ నడిచినప్పుడు అవన్నీ అక్కడే కనిపిస్తాయి. తలకి పెట్టే ఈ వైర్ల టోపీ దాన్ని గట్టిపరుస్తుంది," అంది. "ఇప్పుడు ఉంటున్న ఇల్లు మాత్రం వద్దు. మళ్ళీ వెళ్ళే పనిలేని పాత చోటైతే మంచిది."

కొందరు చదివిన బడిని ఎంచుకున్నారు. కొందరు నీళ్ళ కింద పడిపోయిన పుట్టింటిని ఎంచుకున్నారు. నాకు మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదు, వంట ఆయనదే. నాకు కళ్ళు మూసుకున్నా కనిపించేది ఒక్కటే ఉంది. మొగలిలంక నుంచి పెద్దగట్టు దాకా నీళ్ళ మీద మా లాంచీ దారి. ఇరవై ఆరు ఆనవాళ్ళు. అదే ఎంచుకున్నాను. డాక్టరుకి మాత్రం "మా తాతల నాటి చోటు" అని చెప్పాను. అబద్ధం కాదు కదా.

రోజు 5

ఇరవై ఆరు వస్తువుల జాబితా ఇచ్చారు. ఆనవాలుకి ఒకటి చొప్పున పెట్టాను. ఇత్తడి చెంబు, దువ్వెన, మామిడి టెంక, పసుపు గొడుగు, ఇలాంటివి. తిరిగి అడిగితే ముందు నుంచీ చెప్పాను, వెనక నుంచీ చెప్పాను, ఒకటి విడిచి ఒకటి చెప్పాను. నూటికి నూరు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. బడి ఎంచుకున్న పెద్దమనిషికి డెబ్బై రెండు వచ్చాయి. నాకు లోపల ఎంత పొంగు వచ్చిందో చెప్పలేను.

"ఇంతకీ ఆ చోటు ఏదండీ?" అని అడిగింది.

"అది చెప్పకూడదండీ ఆయ్," అన్నాను.

నిజంగానే చెప్పకూడదు. సముద్రం పైకొచ్చి లంకల్ని ముంచేసినప్పుడు ఈ దారి కనిపెట్టింది మా ముత్తాత. ఆకాశంలోంచి దారి చూపే యంత్రాలు రాలిపోయాక మొగలిలంకకి ఇది తప్ప వేరే దారి లేదు. సముద్రం మీదుగా చుట్టి వస్తే పదకొండు గంటలు, ఆ అలలకి మా లాంచీ ఆగదు. ఆనవాళ్ళు నోటితో పలక్కూడదు, రాయకూడదు, ఇంట్లో పుట్టినవాళ్ళకి తప్ప చూపించకూడదు. నాయన నాకు నేర్పినప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. గడ్డం పట్టుకుని తల తిప్పేవాడు, చుక్కాని మీద నా చేతిని నొక్కేవాడు. నాకు తోబుట్టువులు లేరు, పిల్లలు పుట్టలేదు. ఈ దారి తెలిసినది భూమ్మీద నేనొక్కదాన్నే.

బుల్లియ్య ఇల్లరికపు అల్లుడు. కాబట్టి ఆయనకి ఇంజిను. ఇంటి నియమం ప్రకారం అల్లుడు లాంచీలో వెనక్కి తిరిగి కూర్చోవాలి. నేను గంట ఒకసారి కొడితే నెమ్మది, రెండుసార్లు కొడితే ఆపు. పదకొండేళ్ళుగా ఆయన చూసింది మేం దాటేసిన నీళ్ళని మాత్రమే. పెళ్ళయిన కొత్తలో జాలేసేది. తర్వాత అలవాటైపోయింది, నాకు.

రోజు 14

ఇప్పుడు ఆనవాలుకి మూడు వస్తువులు. డెబ్బై ఎనిమిదికి డెబ్బై ఏడు చెప్పాను. టోపీ పెట్టుకున్నంతసేపూ తలలో కందిరీగలు తిరుగుతున్నట్టుంటుంది, తీశాక ఏమీ ఉండదు.

బుల్లియ్య మొహం తేటపడింది. నిన్న రక్తం కడిగించుకుని వచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. "నీ బుర్ర అరువిచ్చి నా రక్తం కడిగిత్తన్నావే," అని నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు విన్నాను.

చిన్న సంగతి ఒకటి. ఇవాళ ఆరో ఆనవాలు దగ్గర లాంచీ అడుగు ఇసుక రాసుకుంది. అక్కడికి వచ్చేసరికి నా కళ్ళ ముందు దువ్వెన నిలబడింది. దువ్వెన పక్కన చిల్లు గరిటె. వాటి వెనక నీళ్ళ రంగు ఏదో చూడాలి, చూసేసరికి ఆలస్యమైంది. బుల్లియ్య "ఏంటే, నిద్దరోయేవా?" అన్నాడు. అవునన్నాను.

రోజు 20

నిద్ర కాదు.

ఇవాళ తొమ్మిదో ఆనవాలు దగ్గర ఎడమకి తిప్పాలో కుడికి తిప్పాలో తెలియలేదు. గంట రెండుసార్లు కొట్టి లాంచీ ఆపించాను. కళ్ళు మూసుకుంటే జామకాయలు, సైకిలు బెల్లు, నీలం రంగు సీసా స్పష్టంగా కనిపిస్తున్నాయి. నీళ్ళు మాత్రం కనబడటం లేదు. చివరికి కళ్ళు మూసుకునే చుక్కాని మీద చేతులు పెట్టి ఊరుకున్నాను. చేతులు కుడికి తిరిగాయి. అదే సరైనది. చేతులకి తెలిసింది తలకి తెలియలేదు.

నాకు భయమేస్తోంది. ఈ మాట పలక మీద కాక ఇంకెక్కడా చెప్పలేను. డాక్టరమ్మా, ఇన్నాళ్ళూ మార్కులే చూసిన నువ్వు రేపటి నుంచి రోజూ ఉదయం తొమ్మిదింటికి ఇవన్నీ చదువుతావట. చదివితే చదువు.

రోజు 21

చదివింది. నేను టోపీ దగ్గరికి వెళ్ళకముందే చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి లాక్కెళ్ళింది.

"మీరు ఎంచుకున్నది మీరు రోజూ నడిపే దారా? మణిగారూ, మళ్ళీ వెళ్ళని చోటు అని చెప్పాను కదా!"

"చెప్పేవు. నేను గొప్పకి పోయేను. ఇప్పుడు తియ్యి అవన్నీ."

"తీస్తే విడిగా రావు. ఒకే చోట కొత్తది గట్టిపడుతుంటే పాతది పలచబడుతుంది. పెట్టినదాన్ని తుడిస్తే చోటు కూడా తుడిచిపెట్టుకుపోతుంది."

"అయితే మానేత్తాను."

డాక్టరమ్మ తలుపు దగ్గరికి వేసింది. మానేస్తే కుర్చీ ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నియమం తను పెట్టలేదని, పైవాళ్ళని అడిగి చూస్తానని అంది. వేరే చోటుకి మారవచ్చట, కానీ మార్కుల్లో సడలింపు ఉండదట. పోనీ గట్టు మీదే ఉండిపోదామంటే రాత్రి ఉండటానికి అనుమతి చీటీ కావాలి. చీటీల వరుస మూడేళ్ళు నడుస్తోంది.

రోజు 24

వేరే చోటుకి మారి చూశాను. ఇంకే చోటూ తెలియక, వద్దన్న మా ఇంటినే ఎంచుకున్నాను. ఇవాళ్టి జాబితాలో అన్నీ మందుల పేర్లు. వాకిలి దగ్గర ఒకటి పెట్టాను, పొయ్యి దగ్గర ఒకటి పెట్టాను. తర్వాత ఏముంటుంది మా ఇంట్లో? పొయ్యికి కుడి పక్కన గూడు ఉందా, కిటికీ ఉందా? మా ఇంటిని నేనెప్పుడైనా చూశానా అసలు? లాంచీ దిగి తిని పడుకోవడమేగా.

యాభై ఎనిమిది వచ్చాయి. ఒక తప్పు అయిపోయింది. ఇంకొకటి అయితే కుర్చీ లేదు. కుర్చీల గది బయట బెంచీ మీద మా తర్వాతి పేరువాళ్ళు కూర్చుని ఉన్నారు, ఒక ముసలాయన, ఆయన కోడలు. నన్ను చూసి తల దించుకున్నారు. వాళ్ళ ఆశ ఏమిటో నాకు తెలుసు. వాళ్ళ మీద కోపం కూడా రావడం లేదు.

రేపటి నుంచి మళ్ళీ దారిలోనే పెడతాను. ఇంకేం చెయ్యను? మార్కులు రాకపోతే ఆయనకి కుర్చీ ఉండదు. దారి లేకపోతే ఆయన కుర్చీ దాకా రాలేడు. రెండూ ఒకే తలలో ఉన్నాయి, ఒకదాన్ని ఇంకొకటి తింటోంది.

రోజు 33

ఇరవై ఆరింటిలో తొమ్మిది మాత్రమే తలలో స్పష్టంగా ఉన్నాయి. మిగతావి చేతులు లాక్కొస్తున్నాయి. చేతులు ఎన్నాళ్ళు లాక్కొస్తాయో తెలియదు. ఆఖరి పరీక్ష నలభయ్యో రోజున. ఆనవాలుకి పది వస్తువులు. అది గట్టెక్కితే ఏడాది పాటు కుర్చీ మాదే, మళ్ళీ పరీక్షలుండవు. దానికి టోపీ మూడింతల బలంతో పెడతారట. అయ్యాక దారి పూర్తిగా పోతుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. పైవాళ్ళు ఆమె మాట వినలేదు.

అప్పుడు నాకొక దుర్మార్గపు ఆశ పుట్టింది. బుల్లియ్య వంకాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"మావా, నిజం చెప్పు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తల తిప్పి ముందుకి చూసేవా?"

ఆయన కత్తిపీట ముందు నుంచి లేచాడు. "ఏంటే ఆ మాట? మీ నాయనకి మాటిచ్చేను."

"నాయన పోయి తొమ్మిదేళ్ళు."

"ఆయన పోతే మాట పోద్దా?"

"ఒళ్ళు విరుచుకున్నప్పుడో, తుమ్మినప్పుడో, ఏదో ఒకనాడు. దొంగచూపు. నేనేమీ అనను మావా. నీకు దణ్ణం పెడతాను, సూసేనని చెప్పు."

"సూడలేదే. నీ మీద ఒట్టు."

పదకొండేళ్ళు నేను ఈ మనిషిని లోలోపల అనుమానించాను. అప్పుడప్పుడూ గభాలున వెనక్కి తిరిగి, ముందుకి చూస్తూ దొరికిపోతాడేమోనని కనిపెట్టాను కూడా. ఇవాళ అదే అనుమానం నిజం కావాలని కోరుకున్నాను. కాలేదు. నేను భోరుమని ఏడ్చాను.

"ఇప్పుడెందుకే ఏడుపు?"

"నువ్వింత మంచోడివైనందుకు, సచ్చినోడా!"

తర్వాత అంతా చెప్పేశాను. టోపీ, దువ్వెన, జామకాయలు, అన్నీ. ఆయన కోప్పడతాడనుకున్నాను. వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి చాలాసేపు నల్లబడకుండా కలుపుతూ ఉండిపోయాడు. "నా కోసం నీ దారి పోగొట్టుకున్నావా?" అని మాత్రం అన్నాడు.

రోజు 35

ఇవాళ ఆయన పీట చుక్కాని పక్కకి జరిపి నేనే తిప్పాను, ముందుకి. నాయన ఫోటో వైపు చూడకుండా బయల్దేరాను. ఆయన కూర్చోవడానికి ఇబ్బంది పడ్డాడు, కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకున్నాడు. "తలెత్తు మావా, నేర్చుకో," అన్నాను.

నేను చుక్కాని పట్టుకుని ఒక్కో ఆనవాలూ ఆయన చెవిలో చెప్పాను. మా వంశంలో నోటితో చెప్పిన మొదటి మనిషిని నేనే. తలలో ఉన్నవి చెప్పాను, లేనివి చేతులు తిరిగిన తీరు చూసి చెప్పాను. ఆయన పెదవులు కదుపుతూ వల్లె వేశాడు. రెండు చోట్ల "ఆగు, మళ్ళీ చెప్పు" అన్నాడు. రేవు చేరాక వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా వచ్చాను.

రోజు 39

మూడు ప్రయాణాలు ముందుకి చూశాడు. ఇంట్లో కూర్చుని నెమరువేసుకుంటున్నాడు. ఈ వారమంతా నీళ్ళు నిండుగా ఉన్నాయి, ఇసుక, బురద మేటలన్నీ మునిగే ఉన్నాయి. నేర్చుకోవడానికి తేలిక. చుక్కాని పట్టిస్తే మాత్రం పది నిమిషాలకే ఆయాసపడుతున్నాడు.

రేపే ఆఖరి పరీక్ష. డాక్టరమ్మ "ఆలోచించుకోండి" అని ఈ పలక మీదికే కబురు పంపింది. ఆలోచించడానికి ఏముందమ్మా? నువ్వైతే ఏం చేస్తావు?

రోజు 40

రెండువందల అరవైకి రెండువందల యాభై ఒకటి. కుర్చీ ఏడాది పాటు మాది. ఈ పలక మీద రాత కూడా అన్నాళ్ళూ సాగాలట.

డాక్టరమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆసుపత్రి రేవులో లాంచీ ఎక్కి ముందుకి చూశాను. నీళ్ళు. అంతే. ఎటు చూసినా ఒకేలా ఉన్న నీళ్ళు, వాటి మీద నేను పెట్టిన సామాను. చుక్కాని మీద చేతులు పెట్టాను. చేతులు ఊరికే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో బుల్లియ్యే నడిపాడు. నేను పక్కన నిలబడి తోచినట్టల్లా "అటు, అటు" అని అరుస్తుంటే విసిగిపోయాడు. "నువ్వు సూడకే మణీ. ఎనక్కి తిరిగి ఇంజిను కాడ కూచో," అన్నాడు. కూర్చున్నాను. నీళ్ళు పోటు మీద ఉన్నాయి కాబట్టి ఎక్కడా తగల్లేదు. ఇల్లు చేరాం.

అక్కడ కూర్చుంటే కనిపించేది లాంచీ వెనక విడిపోయే నురగ. పదకొండేళ్ళు నా కోసం ఆయన దాన్ని చూస్తూ కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది.

రోజు 45

మధ్యలో ఒక వంతు తప్పింది, ఆసుపత్రి యంత్రం మరమ్మతులో పడింది. ఆయన రక్తం కడిగించుకుని ఐదు రోజులు. కాళ్ళు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. ఇవాళ పదింటికి మా వంతు. నీళ్ళు తగ్గే వేళ అయినా ఆగలేక బయల్దేరాం.

ఇప్పుడు ఎనిమిదీ ఇరవై. మేం మేట మీద ఉన్నాం.

పదమూడో ఆనవాలు దాటామని ఆయన అన్నాక మళ్ళీ గంట మోగలేదు. నేను వెనక్కి తిరిగి కూర్చునే ఉన్నాను. ఏదో చెయ్యి పట్టి ఆపినట్టు లాంచీ ఆగి ఒరిగింది. తిరిగి చూశాను. ఆయన చుక్కాని మీద వాలిపోయి ఉన్నాడు. స్పృహ ఉంది.

"మణీ, ఈ మలుపు నువ్వు చెప్పలేదే."

"చెప్పేను మావా. ఇరవై ఆరూ లెక్కపెట్టేను."

"నువ్వు చెప్పింది ఇరవై అయిదే. పదమూడు తరవాత పదిహేను చెప్పేవు. మీ ఇంటి లెక్కే అలాగనుకున్నాను."

అప్పుడు అర్థమైంది. పద్నాలుగో ఆనవాలు దగ్గర నాకు పసుపు గొడుగు కనిపించింది. దాన్ని కలుపుకుని ఇరవై ఆరు అని లెక్కపెట్టుకున్నాను. ఆ రోజు చేతులు తిరిగాయి, నోరు పలకలేదు. నిండు నీళ్ళలో ఎవరికీ తెలియలేదు.

గెడ కర్ర వేసి లోతు చూశాను. మూడు వైపులా బురద. నీళ్ళు ఇంకా వెనక్కి తీస్తూనే ఉన్నాయి, మళ్ళీ వచ్చేది సాయంత్రం నాలుగింటికి. అంతసేపు ఆగే ఓపిక ఆయన ఊపిరిలో లేదు. పీల్చినప్పుడల్లా ఈల వస్తోంది. నా ఒడిలో తల పెట్టి పడుకోబెట్టాను.

ఎనిమిదీ ముప్పై ఐదు

ఆనవాళ్ళు చెప్పమని అడిగాను. ఈ పలక మీద రాస్తే ఎవరైనా వస్తారని చెప్పాను. అది గోడ తెర మీద పడుతుందని, గట్టు సరంగులందరూ చూస్తారని ఆయనకి తెలుసు.

"నేను పలకను. మాటిచ్చేను," అన్నాడు. ఆ ఊపిరితో.

"మావా, నీ కాళ్ళు పట్టుకుంటాను. మా నాయన పెట్టిన ఒట్టు నేను తీసేత్తన్నాను. ఆ ఇంట్లో పుట్టినదాన్ని నేను."

నా తలని దగ్గరికి లాక్కున్నాడు. "నీ సెవిలో అయితే చెప్తాను. నువ్వు ఇంటి మనిషివి, నీకు తప్పు లేదు. రాసేది నువ్వు, నేను కాదు."

ఎనిమిదీ నలభై

డాక్టర్ షహనాజ్ గారూ, తొమ్మిదింటికి చదివేదాన్ని ఇవాళ ముందే చదువు. కాగితం మీద దించుకునే అమ్మా, లేచి కేకెయ్యి. ఇది పరీక్ష చిట్టా కాదు. ఇది సంగానివారి దారి, గట్టు వైపు నుంచి చెబుతున్నాను. నాలుగు తరాలు ఎవరికీ చెప్పనిది. ఎవరైనా సరే, వినండి. లాంచీ వద్దు, చిన్న పడవ, గెడ తెచ్చుకోండి.

రేవు దాటగానే నీళ్ళలో రైసుమిల్లు పొగగొట్టం. దాన్ని కుడిచేతికి వదిలి రండి. అది ఇరవై ఆరు. తర్వాత వంగిన కరెంటు స్తంభం, అది ఎటు వంగిందో అటు వెళ్ళకండి. నీళ్ళు టీ రంగులోకి మారేచోట వేగం తగ్గించండి. మూడు తాడి మొద్దులు వస్తాయి, మధ్యలోంచి కాదు, కుడి అంచున రండి. ఇరవై రెండు, మునిగిన బడి డాబా. కొంగలు నిలబడి ఉంటే దూరంగా పోండి, అక్కడ మోకాలి లోతే.

ఆయన ఆగాడు. ఊపిరి తీసుకుంటున్నాడు. ఇంటి నుంచి నేర్చుకున్నదాన్ని వెనక నుంచి తిప్పి, ఎడమని కుడి చేసి చెబుతున్నాడు. తప్పు పోకుండా ఒక్కోటీ రెండుసార్లు చెబుతున్నాడు.

వంతెన కమ్మీలు. రెండో ఖాళీలోంచి దూరండి. ఇరవై, నీళ్ళ ట్యాంకు, సగం చుట్టు తిరగండి, ఎండ వీపు మీద పడేదాకా. పంతొమ్మిది కంటికి కనిపించదు. నీళ్ళే పడవని ఎడమకి లాగుతాయి, లాగనివ్వండి. పద్దెనిమిది, మొగలి పొదలు. వాసన వస్తుంది, వాసన వైపు రండి. పదిహేడు, బోర్లాపడిన బస్సు, దాని వీపు తగలకుండా ఎడమ పక్కన. పదహారు, రెండు పాయలు. చిన్నదాంట్లోకి రండి, పెద్దది మోసం.

పదిహేను, విరిగిన సెల్ టవరు. అక్కడ ఆపండి. పద్నాలుగోది మా ఇద్దరి దగ్గరా లేదు. అక్కడ్నుంచి దారి మాకు తెలియదు. గట్టిగా కేకెయ్యండి, నేను బదులు పలుకుతాను, ఆ గొంతు పట్టుకుని బురద తడుముకుంటూ రండి.

తొందరగా రండి. ఆయన ఇంకా వింటున్నాడు.